మూడు నూలు తేడా

లారీ మీంచి దించేటప్పటికి
దానికి పేరు లేదు.
ముందు బిళ్ళ ఎప్పుడో ఊడిపోయి
రెండు స్క్రూ బొక్కలే మిగిలాయి,
పుడక తీసేసిన ముక్కులా.

పుదుప్పేటలో దొరకనిదేముందంటారు.
కింద పడ్డ చప్పుడు విని సామాను పేరు చెప్పే కుర్రాళ్ళు
చుట్టూ మూగారు, గోటితో మీటారు,
తల అడ్డంగా ఊపి టీకి వెళ్ళిపోయారు.
ఇటలీదట. మొత్తం ఏడో ఎనిమిదో చేశారట.
వళ్ళియప్పన్ గారి తాత ఓడలో తెప్పించి
హార్బరు నుంచి చేట్‌పట్ దాకా
తనే నడుపుకుంటూ వచ్చాడట.
ఆ తర్వాత ముప్పై రెండేళ్ళు
అందులో కోళ్ళు పడుకున్నాయి.

నేను కార్ల గురించి చెప్పలేను.
ఆరు సిలిండర్లో పన్నెండో, జెబరాజ్‌ని అడగండి.
నాకు వచ్చింది రేకు.
మా నాన్న బుచ్చిలో ఇత్తడి బిందెలు కొట్టేవాడు.
స్టీలు వచ్చింది, ప్లాస్టిక్ వచ్చింది,
సుత్తి సంచీలో వేసుకుని నేను మద్రాసు వచ్చాను.

అంత ఖరీదు బండికి ఒళ్ళు మాత్రం సత్తుది.
కిరసనాయిలు గుడ్డతో తుడిచి
కళ్ళు మూసుకుని అరచెయ్యి ఆనించాను,
దీపం దగ్గర మొదలెట్టి తలుపు దాకా.
ప్రెస్సులో గుద్దిన రేకు మీద
చెయ్యి జారిపోతుంది, అది ఏమీ చెప్పదు.
ఇది చెప్పింది.
ఇక్కడ ఇసక సంచీ మీద పెట్టి కొట్టాడు,
ఇక్కడ కర్ర దిమ్మ మార్చాడు,
ఇక్కడ అన్నానికి లేచాడు,
తిరిగొచ్చాక దెబ్బ కొంచెం బరువుగా పడింది.

దారం పట్టి కొలిచాను.
ఎడమ బుగ్గ కుడి బుగ్గ కంటే
మూడు నూలు పొంగి ఉంది.
మళ్ళీ కొలిచాను. మూడు నూలే.

వళ్ళియప్పన్ గారు ఫోన్లో ఎవరినో అడిగి
"సరిచేసెయ్ ఆచారీ" అన్నారు.
చేసేశాను.
కుడి పక్కకి అట్ట కోసి, తిప్పి ఎడమకి పెట్టి,
సందులో వెలుతురు దూరకుండా
తొమ్మిది రోజుల్లో దించేశాను.
అంత శుభ్రమైన పని నా జన్మలో చెయ్యలేదు.

పదో రోజు పొద్దున షట్టర్ ఎత్తితే
బండి నన్ను చూడలేదు.
ఎలా చెప్పాలి.
అంతకుముందు ఎటు నిలబడినా
ఎవరో పిలిస్తే అప్పుడే తల తిప్పినట్టుండేది.
ఇప్పుడు రేషన్ కార్డు ఫోటోలా
నిటారుగా, ఊపిరి బిగబట్టి.
జెబరాజ్ చుట్టూ ఒకసారి తిరిగి
తమిళంలో తిట్టాడు. ముద్దుగా కాదు.

మళ్ళీ పొంగించడానికి పదకొండు రోజులు.
తప్పు చెయ్యడం తేలికంటారు,
ఇంకొకడి తప్పు చేసి చూడండి.
వాడి చెయ్యి అలిసిన చోటే నా చెయ్యీ అలవాలి.
ఆ పూట వాడికి ఏం గుర్తొచ్చిందో,
పెళ్ళాంతో గొడవో, కిటికీ అవతల ఎవరైనా నవ్వారో,
నాకేం తెలుసు.
నా దగ్గరున్నది వాన, కూవం వాసన,
కరెంటు పోయిన షెడ్డు, పక్క కొట్లో
బస్సు సీట్లు పీకుతున్న చప్పుడు.
రెండు నూలు దాకా వచ్చింది. రెండున్నర.
మిగిలిన అరనూలు
మా నాన్న బిందెల సుత్తితో.

బిల్లులో ఆ పదకొండు రోజులు వదిలేశాను.
ఏమని రాయను?
వంకర తెచ్చినందుకు కూలి, అనా?
వళ్ళియప్పన్ గారు రెండు బుగ్గలూ నిమిరి
"భలే, ఇప్పుడు సమానం" అన్నారు.
తలూపి డబ్బు తీసుకున్నాను.

మొన్న మౌంట్ రోడ్డు సిగ్నల్ దగ్గర కనబడింది,
ముదురు తమలపాకు రంగులో.
ఆటోవాళ్ళూ, స్కూటీల మీద ఆడపిల్లలూ
అందరూ ఫోన్లెత్తారు.
బస్సు కమ్మీ పట్టుకుని నేను వంగి చూశాను.
లైటు మారింది.
అది కదిలేటప్పుడు ఎడమ బుగ్గ మీద
ఎండ కొంచెం ఎక్కువసేపు ఆగింది,
మూడు నూలంతసేపు.

కండక్టరు చిల్లర అడుగుతున్నాడు.