సున్నాలో మిగిలింది

పుంతా అరేనాస్‌లో గాలికి సెలవురోజు లేదు.
ఆ సాయంత్రమూ రేకు కప్పును
అప్పులవాడు తలుపు బాదినట్టు బాదుతోంది.

పిలిపించింది ఎవరిస్తో మన్సీయా.
రేవులో పడవలకు తాళ్ళు కట్టే మనిషి,
అరచేతులు రెండూ ఆకురాళ్ళు,
అకార్డియన్‌ని మాత్రం
నిద్రపోతున్న పిల్లని మంచం మార్చినట్టు ఎత్తుకుంటాడు.

"కంప్యూటర్లో ఉన్నప్పుడు ఒకలా ఉంది,
ఫైలుగా బయటికి తీస్తే ఇంకోలా ఉంది.
నా వాల్ట్జ్‌ని ఎవరో ఉతికి ఆరేశారు."

ముప్పై ఏళ్ళు రేడియోలు బాగుచేసినదాన్ని.
పాడైన వస్తువు అబద్ధం చెప్పదు,
దాని యజమానే చెబుతాడు, అదీ తెలియక.
అందుకే అతని మాట పక్కన పెట్టి
కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

శాంపిల్ రేటు చూశాను. రెండుచోట్లా నలభై ఎనిమిది వేలే.
ఎంపీత్రీ మానేసి వేవ్‌లో తియ్యమన్నాను. అదే పీలగొంతు.
ప్లేయర్లో ఈక్వలైజర్ ఆపేశాను.
కుడి ఎడమలు కలిసి మోనో అయ్యాయేమోనని
ఒక్కో చెవికీ విడివిడిగా విన్నాను.
ఎక్స్‌పోర్ట్‌లో ఏదైనా ఎఫెక్ట్ జారిపోయిందా అంటే
అసలతను ఏదీ పెట్టలేదు.
"వాటి పేర్లు కూడా నాకు తెలీవు" అన్నాడు,
కొంచెం గర్వంగానే.

వంటగదికీ మాకూ మధ్య తలుపు లేదు.
అతని అక్క ఎడుల్మీరా
ఊదారంగు బంగాళాదుంపలు తరుగుతోంది.
పొయ్యిలో తడి కట్టె ఒకటి
మధ్యమధ్యలో చిటపటమని తిట్టుకుంటోంది.

చివరికి మా పాత పద్ధతి:
బయటికి తీసిన ఫైలుని మళ్ళీ లోపలికి తెచ్చి,
తలకిందులు చేసి, అసలుదాని పక్కన పెట్టి
రెండింటినీ కలిపి నడిపించడం.
రెండూ ఒకటే అయితే
ఒకదాన్నొకటి కొట్టేసుకుని సున్నా మిగలాలి.

"వాల్ట్జ్ పోయింది" అన్నాడు హెడ్‌ఫోన్స్ నొక్కి పట్టుకుని.
"కానీ ఇంకా ఏదో ఉంది."

నేను పెట్టుకుని విన్నాను.
సున్నాలో కత్తి చప్పుడు.
సున్నాలో తడి కట్టె.
సున్నా మీద రేకులు, రేకుల మీద గాలి.

దగ్గాను.
నా దగ్గు, పావు క్షణం ఆలస్యంగా,
నా చెవుల్లోకే వచ్చింది.

ట్రాక్ మీద చిన్న ఎర్ర గుండీ వెలుగుతూనే ఉంది.
రికార్డింగ్ అయిపోయి వారమైనా
మైకు ఇంకా మేలుకునే ఉంది పాపం,
దాన్ని ఎవరూ నిద్రపొమ్మనలేదు.
ఈ వారమంతా అతను విన్నది
ఒక పాతిక వంతు పాట, మిగతాదంతా ఇల్లు.

ఆపేశాను. ఇప్పుడు లోపలా బయటా ఒక్కటే.
ఎవరిస్తో మొత్తం విన్నాడు, కదలకుండా.
"నేను వాయించింది ఇంతేనా?"
ఇంతే అన్నాను. అబద్ధం చెప్పడం నా వృత్తిలో లేదు.

కూలి ఇవ్వబోయాడు. బాగుచేసిందేం లేదుగా, వద్దన్నాను.
అతను కాసేపు గుండీ వైపు చూసి
మళ్ళీ దాన్ని వెలిగించాడు.
అక్కని పిలిచి, హెడ్‌ఫోన్స్ ఆమె తలకి తొడిగి,
"నువ్వు విను" అన్నాడు.

ఎడుల్మీరా చేతులు తుడుచుకుని కూర్చుంది,
కళ్ళు మూసుకుని, చివరిదాకా.

"బాగుంది" అంది. "కానీ ఏదో తగ్గినట్టు లేదూ?"

వంటగదిలో పలక మీద
సగం తరిగిన దుంప, పక్కన కత్తి.