పల్లమెరుగు

మా ఏరు పేరు నీవా.
ఈ మురికి ఎవరిదని అడిగితే
"నీవా?" అని మనల్నే అడుగుతాది.

చిత్తూరంతా చేతులు కడుక్కున్న నీళ్ళు
మా కాలనీ చివరి వరస ముందర
చుట్టమొచ్చినట్టు కాసేపు కూచోని పోతాయి.
కొళాయి నీళ్ళకే మా దావ తెలీదు.
నీరు పల్లమెరుగంటారే,
మురుగు ఎరిగిన పల్లాన్ని
మంచినీళ్ళు ఎందుకెరగవని అడిగితే
ఇంజనీరు చెప్పినాడు:
"మీది మిట్టమ్మా. ప్రెషర్ ఎక్కదు."

నేను దేశమ్మను, ఆశా కార్యకర్తను.
నా సంచిలో ఓఆర్ఎస్ పొట్లాలు, క్లోరిన్ బిళ్ళలు,
మూలలు మడతపడిన రిజిస్టరు.
మూడు ఎండాకాలాలు గడపగడపకీ ఒకటే మాట:
కాచి, చల్లార్చి తాగండి.
పల్పు ఫ్యాక్టరీలో పన్నెండు గంటలు తొక్క తీసి
మామిడి సొనకు అరచేతులు పొక్కిన సులోచన
నా పక్క చూసి నవ్వింది.
"గ్యాసు నువ్వు కొనిపెడతావా అక్కా?"
ఆ పొద్దు నుంచీ
ఆ మాట తల వంచుకోనే చెప్పినా.

కొత్త డాక్టరు నస్రీన్ మేడం
ఒక ఆదివారం బీపీ మిషను లేకుండా వచ్చింది.
ట్యాంకరు ఆగే కాడ చాప మీద కూచోని
"మందు నా కాడ ఉంది,
జబ్బు యాడుందో మీరు చూపించండి" అనింది.

ముగ్గుపిండితో రోడ్డు గీసినాం, వీధులు గీసినాం.
వాల్వు ఉండే చోట సులోచన
కొబ్బరి చిప్ప బోర్లించింది.
జ్వరమొచ్చిన ఇంటికి కుంకుమ. కామెర్లకు పసుపు.
మేకొకటి మూడో వీధిని తొక్కి పోతే
తిట్టుకుంటా మళ్ళీ గీసినాం.
మొగిలమ్మ లేచి పోయి
పొయ్యిలో నుంచి బొగ్గు తెచ్చి
తన ఇంటి మీద పెట్టింది.
ఏందని ఎవరూ అడగలేదు.
ఆ పిల్లోడికి నాలుగేళ్ళు.

లేచి నిలబడి చూసినాం.
చిప్పకు పై పక్క ముగ్గు తెల్లగా ఉండాది.
చిప్ప దాటినాక, ఎవరో పేరంటానికి పిలిచినట్టు
ఇల్లిల్లూ బొట్టు పెట్టుకోని ఉండాది.

అప్పుడు బేల్దారి దొరస్వామి
గోడలకు మట్టం చూసే నీళ్ళ గొట్టం తెచ్చినాడు.
ట్యాంకు కాడ నుంచి మొగిలమ్మ గడప దాకా
పట్టుకుంటా, గీత గీసుకుంటా, ముందుకు జరుపుకుంటా
పొద్దు గూకే వరకూ కొలిచినాడు.
మూడడుగుల పల్లం.
గొట్టంలో నీళ్ళు ఎవరి పక్కా మాట్లాడవు.

ముగ్గును ఫోటో తీసి మునిసిపాలిటీకి పోయినాం.
ఆరుగురం, ఆరు పొద్దులు, ఆరు కూలీలు పోగొట్టుకోని.
ఆ లెక్క ఏ ఎస్టిమేట్‌లోనూ ఎక్కలేదు.
ఏడో పొద్దు ఎవరో వచ్చి వాల్వు తిప్పినారు.
తుప్పు పట్టి ఉండాది, పాపం,
దాన్ని ఎవరూ తిప్పి చూడలేదంట.

పోయిన వానలకు ఇరవై మూడు జ్వరాలు.
ఈ వానలకు ఐదు.
మేడం చప్పట్లు కొట్టబోయి ఆగిపోయింది.
ఐదూ, పైపు అందని కొస నాలుగిళ్ళవే.
టెండరు పిలవాలంట.
మొగిలమ్మది ఆ నాలుగింట్లో ఒకటి.
ఇప్పటికీ ఆమె బిందె ట్యాంకరు వరసలోనే ఉండాది.

నా రిజిస్టరులో 'కారణం' అని ఒక గడి.
జ్వరం, విరేచనాలు, కామెర్లు అని అచ్చేసి
కింద 'ఇతరములు' అని సన్న గీత.
ఆ గీత మీద 'వాల్వు' అని రాసినా.
సూపర్‌వైజరమ్మ ఎర్ర ఇంకుతో కొట్టేసి
"ఇది జబ్బు కాదు దేశమ్మా" అనింది.

ఈ నెల మళ్ళీ రాసినా, 'పైపు' అని.
గీత చాల్లేదు.
పక్కన నాలుగు డోర్ నెంబర్లు కూడా
రాయాల్సి వచ్చింది.