ఎనిమిదో పొర

తరమణిలో వాన పట్టుకుని నాలుగో రోజు.
గోడ మీద తేమ మీటరు ఎనభై నాలుగు దగ్గర నిలబడింది.
నిన్నటిదాకా పల్చటి డికాషన్‌లా కదిలిన ద్రావణం
ఇవాళ సీసా వంచితే కదల్లేదు.
జున్నులా గడ్డకట్టి మొండికేసింది.
ఎళిలన్ అన్న దాన్ని ట్యూబులైటుకెత్తి చూసి
"పోయిందమ్మా" అన్నాడు, తనకొచ్చిన తెలుగులో,
ఎవరో పోయినట్టే.

మళ్ళీ మొదట్నుంచి.
సీసం తూచాను, నూటికి పది పాళ్ళు ఎక్కువే.
కొలిమిలో కొంత ఆవిరైపోతుంది,
పోయేదాన్ని ముందే లెక్కలో వేసుకోవాలి.
జిర్కోనియం, టైటానియం
గాలి సోకని గాజు పెట్టెలో,
మోచేతుల దాకా రబ్బరు తొడుగుల్లో
నావి కాదనిపించే నా చేతులతో.

సిలికాన్ బిళ్ళ మీద నాలుగు చుక్కలు.
నిమిషానికి మూడు వేల చుట్లు, ముప్ఫై సెకన్లు.
పోసిందంతా అంచులు దాటి ఎగిరి
గిన్నె గోడల్ని తడుపుతుంది.
ఎంత విదిలించినా వదలనిదే
పొర.

ఆ తర్వాత వేడి పలక.
ఆవకాయ జాడీ మూత తీసినట్టు కాదు, వెనిగర్ పులుపు,
ముక్కుకు తగిలి తగిలి సన్నగిల్లుతుంది.
అది పూర్తిగా పోకముందే తొందరపడితే
కింద చిక్కుకున్న ఊపిరి పొక్కై లేస్తుంది.

పొరపొరకీ రంగు మారుతోంది.
లేత గోధుమ. వంగపండు. నెమలికంఠం.
నేను ఏ రంగూ కలపలేదు,
మందమే రంగు.

ఆరో పొర అయ్యేసరికి
వేళచ్చేరి రోడ్డు మీద నీళ్ళెక్కాయని ఫోను మోగింది.
ఏడూ ఎనిమిదీ ఒకే దెబ్బకి పడాలని
చిక్కగా పోశాను.

కొలిమిలోంచి తీసి మైక్రోస్కోపు కింద పెడితే
గీతలు. వెంట్రుకకన్నా సన్నం.
ఒకదాన్నొకటి వెతుక్కుని కలుసుకున్న గీతలు.

ఆత్రేయపురంలో మా చిట్టెమ్మత్త
బోర్లించిన కుండ మీద తడిగుడ్డ ఒక్క విసురు లాగేది.
రెప్ప వేసేలోగా రేకు.
పదకొండేళ్ళ నేను నేనూ అంటూ పేచీపెట్టి
పిండి చిక్కగా కలిపి లాగాను.
రేకు పెటపెటా చిట్లిపోయింది.
వందకి ఇంతని కూలి ఆమెది,
అయినా తిట్టలేదు, నవ్వలేదు.
"జారుగా కలుపు. కుండ ఏమంటోందో వినవే" అంది.
నాకప్పుడు కుండ ఏమీ అనలేదు.

రికార్డు పుస్తకంలో 'కారణం' అని ఒక గడి.
తేమ, మందం, కుదింపు, ఇంగ్లీషులో రాయాల్సినవన్నీ రాశాను.
పెన్ను అక్కడితో ఆగలేదు.
గడి చివర మిగిలిన కాస్త చోట్లో, తెలుగులో,
'కుండ మాట వినలేదు.'

ఎళిలన్ అన్న భుజం మీదుగా తొంగిచూసి
అదేమిటన్నాడు.
ఫార్ములా అన్నాను.
"సరే, ఇంకో బిళ్ళ కోస్తా" అని
వజ్రపు ములికితో గీత గీసి
రెండు బొటనవేళ్ళతో నొక్కాడు.

టిక్.

వానలో కూడా వినబడింది.