ముప్పై కౌంటు

సఖినేటిపల్లి రేవులో ఆఖరి పంటు.
రెండు మోటారు సైకిళ్లు, కొబ్బరికాయల ఆటో,
తెల్లారి నరసాపురం సంతలో నిలబడాల్సిన చూడిగేదె,
మేం తొమ్మిదిమందిమి.

ఇంజను చప్పుడికి గేదె బెదిరింది.
ఏసుపాదం దాని వీపు మీద చెయ్యేసి
"ఇదుగో, ఒడ్డు వచ్చేత్తంది" అన్నాడు,
దానికి అర్థమవుతుందన్నట్టే.

అక్కడ మొదలైంది.
ఫిషరీస్ చదివే కొల్లాటి వారి కుర్రాడు
నొప్పి తెలిసిన ప్రతిదానికీ హక్కుందన్నాడు.
లాజిక్ చెప్పి రిటైరైన సోమయాజులు మాస్టారు
కళ్లజోడు తుడుచుకుంటూ,
"హక్కంటే బాకీ నాయనా. అడగలేనిదానికి బాకీ ఏమిటి?"
"మరి పసిపిల్లలు?"
"రేపు అడుగుతారు."
"మతి తప్పిన మా నాయనమ్మో?"
మాస్టారు నీళ్లకేసి చూశారు.
ఏసుపాదం నవ్వాడు:
"తెల్లారితే దీన్ని అమ్మేత్తానండి.
అయినా బెదరకూడదు గదండీ, ఈలోగా."

నేను మాట్లాడలేదు.
నా చేతులు కొంగులో ఉన్నాయి.

హేచరీలో నా పని
తల్లి రొయ్యలకి కన్ను తియ్యడం.
రెండూ కాదు, ఒకటే.
కంటి కాడలో ఏదో ఉంటుందట,
ఇప్పుడే వద్దని గుడ్లని ఆపేది.
కాడ నొక్కేస్తే ఆ మాట ఆగిపోతుంది,
నాలుగు రోజులకి కడుపు రంగు తిరుగుతుంది.
పూటకి నలభై. నా చెయ్యి వణకదని పేరు.
"పురుగుతో సమానమమ్మా, నొప్పుండదు,"
మొదటిరోజే చెప్పారు జోగిరాజు గారు.
నమ్మాను. జీతంలో నమ్మకం కూడా కలిపే ఇస్తారు.

కానీ నీళ్లలో వదిలాక
అది తోక కొట్టుకుంటుంది.
తర్వాత ముందుకాలు ఎత్తి
కన్నున్న చోట తడుముకుంటుంది.
మా చిన్నోడు పన్నూడిన రోజంతా
నాలుకతో అక్కడే వెతుక్కున్నట్టు.

దాన్నేమంటారో మాస్టార్ని అడగొచ్చు.
అడగను.
అడిగితే ఆయన జవాబు చెప్తారు.
రేపు ఏడింటికి నేను పనికెళ్లాలి.

రొయ్యకి మా వైపు పేరుండదు, కౌంటుంటుంది.
ముప్పై కౌంటంటే కిలోకి ముప్పై.
కాటా మీద ఒక్కటి ఎక్కువైనా గొడవే.
ఇంత లెక్కపెట్టేవాళ్లం
ఒక్కదాన్నీ లెక్కచెయ్యలేదు.

నడి వశిష్ఠలో పాటు లాగింది, పంటు వాలింది.
గేదె గిట్టలు జారాయి.
మాస్టారు, కుర్రాడు, ఏసుపాదం, నేను
ఒక్కసారే చేతులు చాచాం.
ఎవరూ ఎవర్నీ అడగలేదు
దానికి హక్కుందా అని.

దాని డొక్క మీద నా అరచెయ్యి.
లోపల ఏదో గబగబా కొట్టుకుంటోంది,
దూడో, భయమో.
చెయ్యి తియ్యాలనిపించలేదు.

నా వేళ్ల వాసన తెలిసింది కాబోలు,
మెడ తిప్పి చూసింది
రెండు కళ్లతోనూ.