ఫుల్‌స్టాప్

వ్రోత్స్వాఫ్‌లో, ఓద్రా మీద మంచు ఇంకా లేవకముందే
మా బీమా కంపెనీ మూడో అంతస్తు ప్రింటర్‌లో
ఎవరో జీతాల కాగితం మర్చిపోయారు.
కాఫీ చల్లారేలోగా ఆఫీసంతా చదివేసింది.
నేను చదవలేదు.
రెండుసార్లు చూశాను, అంతే.

అప్పటిదాకా మా గొడవలు మర్యాదగానే ఉండేవి.
జావా రాదోస్వాఫ్ శుభోదయం చెప్పాలన్నా
ముందో కర్మాగారం కడతాడని యాగొదా నవ్వేది.
నీ పైథాన్ ఇంట్లో ఒక్క ఖాళీ జరిగితే
దూలం నెత్తినపడుతుందని అతను.
రస్ట్ క్సావెరీ ఎవరితోనూ వాదించడు,
కంపైలర్ అత్తగారిలా సాధిస్తుంటే
ఆ తిట్లు తిని బతికినందుకే వాడికంత గర్వం.
పీహెచ్‌పీ గ్నెవ్కోని అందరూ అనేవాళ్లు.
పాపం, అతనూ నవ్వేవాడు.

కాగితం చూశాక
యాగొదా కన్నా నాలుగొందల జ్లోటీలు తక్కువైన రాదోస్వాఫ్
క్యాంటీన్‌లో పియెరోగీలు లెక్కపెట్టుకు తిన్నాడు.
క్సావెరీ అంకె గురించి ఎవరూ పైకి అనలేదు.
నా సంగతి వదిలేయండి,
తప్పులు వెతికేవాణ్ని, తప్పుల ధరే నాదీ.
"పదకొండేళ్లుగా ప్రతి పేరు ముందూ డాలర్ గుర్తు పెడుతున్నాను,
ఒక్కటైనా జేబులోకి దూకిందా?" అన్నాడు గ్నెవ్కో.
ఈసారి ఎవరూ నవ్వలేదు.

అప్పుడు కదా పై వరస చూశాం!
బొగుమీవా.
మంగళవారాలే వస్తుంది. అల్లిక సంచీ, ఉడికిన గుడ్డు,
అరవై ఎనిమిదేళ్లు, కొబాల్.
క్సావెరీకి సరిగ్గా రెండింతలు.
చచ్చిపోయిందని ఏటా మేం తద్దినం పెట్టే భాష
తలుపు తీసుకొచ్చి జీతం పట్టుకెళ్తోంది.

రాదోస్వాఫ్ ఉండబట్టలేక అడిగేశాడు:
"ఏముందండీ అందులో అంత?"

ఆవిడ కళ్లజోడు పైకి తోసుకుని స్క్రీన్ ఇటు తిప్పింది.
అన్నీ పెద్దక్షరాలే, చెవిటివాడికి చెబుతున్నట్టు:
జీతంలోంచి పన్ను తీసెయ్.
మిగిలింది మనిషికి ఇయ్.

"ఎనభై ఆరులో రాశాను.
మీ అందరి జీతాలూ దీని నోట్లోంచే.
ఎవరికెంతో నాకెప్పుడూ తెలుసు నాయనా,
అందుకే ఎవరితోనూ పోట్లాడను.
తప్పుందేమో అతన్ని చూడమను," అంది, నా వంక తిరిగి.

నాలుగు వారాలు వెతికాను.
ఒక్కటీ లేదు. ప్రతి వాక్యం చివరా
గుడ్డు మీద మిరియప్పొడిలా
నల్లటి ఫుల్‌స్టాప్.

ఐదో మంగళవారం రెండు గుడ్లు ఉడకబెట్టుకుని
ఆవిడ గదికి వెళ్లాను.
గ్నెవ్కో అప్పటికే కూర్చుని ఉన్నాడు,
పెంకు తీస్తూ.