అడుగు చూపించు

జూన్ రెండో వారం వానకి
నా ఫోన్‌లో గొడుగులు మొలుస్తాయి.
జక్కూరు చెరువు కట్ట మీద నడిచేవాళ్ళు,
యలహంకలో అపార్ట్‌మెంట్ పచ్చికలో కుక్కని తిప్పేవాళ్ళు,
తురహళ్ళి అడవిలో సైకిల్ పడేసి మోకాళ్ళ మీద కూచున్న కుర్రాడు,
అందరూ పైనుంచే తీస్తారు.
తెల్లటి గుండ్రం, నడిమధ్య బెల్లప్పొడి చల్లినట్టు పొలుసులు.
దాని కింద ఒకటే ప్రశ్న, ఏ భాషలో రాసినా:
తినొచ్చా?

ఇది నా ఉద్యోగమేం కాదు.
జీతం ఇంకోచోట, ఇంకో పనికి.
ఎప్పుడో ఎవరో ఎవరికో నా నంబరిచ్చారు, అంతే.

తిప్పి తియ్యి, అంటాను.
పక్కన రూపాయి బిళ్ళ పెట్టు.
కాడ తెంపకు, చుట్టూ మట్టి తవ్వి మొదలంటా లేపు.
అడుగున సంచి లాంటిది ఉందా?
మెడలో ఉంగరం? అది జరుగుతుందా?
వాసన చూసి చెప్పు.
ఒకాయన "వాన వాసన" అన్నాడు.
రాసుకున్నాను, దేనికీ పనికిరాదు.

ఫొటోకి ముక్కు లేదు.
గిల్లితే ఎర్రబడుతుందో లేదో చెప్పదు.
చూడగానే పేరు నోటికొచ్చేసిన రోజు
నామీద నాకే భయం.

మొన్న రాత్రి తొమ్మిదింటికి ఓబులేశు ఫోన్ నుంచి వచ్చింది.
మా వీధి చివర కడుతున్న ఇంటికి కాపలా అతను,
మడకశిర పక్క పల్లె.
స్టీలు పళ్ళెంలో ఆరు గొడుగులు,
కడిగినవి, కాడలు తీసేసినవి.
పక్కన తరిగిన ఉల్లిపాయ.
ఫొటో అంచున పొయ్యి వెలుగు.

జవాబు రాయలేదు.
చెప్పులు దొరక్క ఉత్తకాళ్ళతో పరుగెత్తాను.

"పుట్టగొడుగులే కదక్కా," అంది సుంకులమ్మ.
"మా తట్టు పుట్టల మింద ఇట్లాటివే లేస్తాయి.
మాయమ్మ ఒడినిండా ఏరుకొస్తాండె."
ఇది పుట్ట మీద మొలిచిందా?
"ఈడ యాడిది పుట్ట? పక్కింటోళ్ళ లానులో."

పేరులోనే ఇంటి చిరునామా ఉంది,
ఎన్నిసార్లు పలికినా వినం.
పుట్ట మీద లేచినా నేను తొందరగా ఒప్పుకోను, అది వేరే సంగతి.

ఆ రాత్రి వాళ్ళు ఉల్లిపాయ ఒక్కటే వేయించుకున్నారు.
నా మీద కోపంగానే.
ఒక గొడుగు అడిగి తెచ్చుకుని
తెల్ల కాగితం మీద పెట్టి
పైన గాజు గ్లాసు బోర్లించాను.

పొద్దున్నే తీసి చూస్తే
చక్రం ఆకుల్లా సన్నటి గీతలు,
పాచి పచ్చ.
రాత్రంతా నిద్రపోకుండా
తన ఫొటో తానే దింపుకుంది,
అడుగువైపు నుంచి.
ఇది తిన్నవాళ్ళు రెండు రోజులు వాంతులతో పడుంటారు.
పిల్లలైతే ఆసుపత్రికే.

సుంకులమ్మ కాగితం వైపు వంగింది.
"ముగ్గెవురేసినారక్కా?"
వేలు తగిలి ఒక పక్క చెరిగింది.
ఆ పచ్చని చీరకొంగుకి తుడుచుకోబోయి ఆగి
నీళ్ళ డ్రమ్ము దగ్గరికి వెళ్ళింది.
చాలాసేపు కడుక్కుంది.
"మాయమ్మ ఏం జూసి ఏరుతాండెనో
నేనెప్పుడూ అడగల్య," అంది, నీళ్ళతోనే.

ఇప్పుడూ ఓబులేశు ఫోన్ నుంచి వస్తుంటాయి.
ఇటుకల సందున ఒకటి, తడిసిన సెంట్రింగు చెక్క మీద గుత్తి.
వెల్లకిలా తిప్పినవి, మట్టి అంటుకున్నవి,
బిళ్ళకి బదులు మెట్టె ఉన్న కాలి వేలు.
సగం మసక.
తినచ్చా అని ఉండదు కింద.

ఇదెవురక్కా?

తెలీదు, అని రాశాను.
ఇంకొంచెం దగ్గరగా తియ్యి.