డ్యూటీ లేని దసరా

మూడేండ్ల సంది దసరా నాడు
వనపర్తి డిపోల అడిగి మరీ డ్యూటీ ఏయించుకున్న.
కొల్లాపూర్ బస్సు,
కాలు పెట్టనీకి జాగ ఉండదు.
టికెట్ మిషన్ కిర్రుమంటుంటే
లోపలి సప్పుడు ఇనపడకపోయేది.

"పండుగకు రావా?" అని అక్క అడిగితే
డ్యూటీ అనే మాటను జమ్మాకు లెక్క
ఆమె చేతిల పెట్టి తప్పుకునేదాన్ని.

ఈసారి చార్టుల నా పేరు లేదు.
ఫోన్ మోగింది.

"డ్యూటీ లేదక్కా.
మనసు బాగలేదు.
మైపాల్ లేని వాకిట్ల
కొత్త చీర కట్టుకొని నిలబడ
నా తోటి కాదు."

అవుతల సప్పుడు లేదు.
కుక్కర్ మూడు కూతలు కూసింది.
"నాతోటి అయితుందనుకున్నవా?" అన్నది.

పొద్దుగూకినంక తనే వచ్చింది,
టిఫిన్ల మటన్ కూర, చల్లారిన గారెలు.
పాలపిట్టను ఇద్దరం చూడలే.
"ఉప్పెక్కువైంది" అన్న.
"అయితే తినకు" అన్నది,
అచ్చం వాని లెక్క.
నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది.
ఏది ముందో ఇద్దరికీ యాదికి లేదు.

రేపు ఐదింటికి బస్సు.
బ్యాగుల చిల్లర లెక్కబెడుతుంటే
అడుగున ఎండిన జమ్మాకు ఒకటి.
ఏ దసరాదో,
ఏ ప్రయాణికుడు పెట్టిండో.
పారెయ్యలే.
చిల్లర మళ్లీ దాని మీదనే పోసిన.